గంట మోగినప్పుడు

అక్కా,

మా ప్రభుత్వ ఆఫీసులో అన్ని రకాల మనుషులకీ చోటుండేలా చూసే విభాగానికి నన్ను పెద్దని చేశారని రాశాను కదా. నీలాగే చెవులు వినపడని ముగ్గురిని పట్టుబట్టి రికార్డు గదిలో పెట్టించాను.

ఇవాళ అగ్నిప్రమాదం గంట మోగింది. అందరం మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తాం. అక్కడ తలలు లెక్కపెడితే ముగ్గురు తక్కువయ్యారు. ఆ ముగ్గురూ పైనే ఉన్నారు, తాపీగా ఫైళ్ళు కట్టుకుంటూ. ఉత్తుత్తి గంట కాబట్టి సరిపోయింది.

"వాళ్ళ మంచికే చెబుతున్నా మేడమ్, ఇంటికి పంపేద్దాం" అన్నారు డైరెక్టరు గారు నవ్వుతూ. సోమవారానికల్లా వాళ్ళని ఉద్యోగంలోంచి తీసేసే కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఆలోగా కరెంటు పనికి బావని పంపు. నిన్ను పిలవాలంటే అమ్మ లైటు వేసి ఆర్పేది కదా, గంట మోగితే అలా రికార్డు గదిలో లైట్లు వెలిగి ఆరాలి.

డైరెక్టరంటే భయమే గానీ, నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. గంట వినగానే నేనూ వెనక్కి చూడలేదక్కా. చిన్నప్పుడు ఎప్పుడైనా నిన్నిలా వదిలేసి పరుగెత్తానా? అమ్మనడిగితే నన్ను వెనకేసుకొస్తుంది. నువ్వే నిజం రాయి.

నీ చెల్లి