ఖాళీ పడవ దాటని వంతెన

సామర్లకోట,
జ్యేష్ఠ శుద్ధ దశమి, గురువారం.

చిరంజీవి సత్యానికి అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, ఉమ, అల్లుడుగారు, మనవరాలు క్షేమంగా ఉన్నాం. నీ దగ్గు తగ్గిందా? మరదలు వరలక్ష్మి బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నదా?

నిన్న ఫోనులో నువ్వు ఏడ్చావు, నేను కసిరాను. ఇద్దరిలో ఎవరి మాటా పూర్తి కాలేదు. అందుకే ఈ ఉత్తరం. మీ బావగారి పడవను కట్టెలకు కోయడానికి వచ్చే రంపం వాళ్ళను ఆపమని పొద్దున వరలక్ష్మికి చెప్పాను. ఎందుకు ఆపమన్నానో ఇందులో ఉంది.

ముందు నా సంగతి. మాది మూడో అంతస్తు, మెట్లకు మోకాళ్ళు ఒప్పుకోవు. వేళకు అన్నం, వేళకు మాత్రలు, లోటేమీ లేదు. బియ్యం పాకెట్లలో వస్తాయి. గింజ తెల్లగా ఉంటుంది, రుచి ఉండదు. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. గూడ్సు బండి పోతే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. సరుకు ఇంత గోల చేస్తూ పోవడం నాకింకా అలవాటు కాలేదు. బావగారి పడవ మన రేవు దాటితే పడుకున్నవాళ్ళకు తెలిసేది కాదు. నేను మాత్రం ఆయన పడవ నెట్టే గెడ చప్పుడుకు లేచేదాన్ని. ఇక్కడా ఆ వేళకే మెలకువ వస్తోంది. లేచి చేసేదేమీ లేదు.

మొన్న మనవరాలు అడిగింది, “అమ్మమ్మా, తాతగారి పడవ మైలేజీ ఎంత?”

“ఎదురునీటికి నూట యాభై బస్తాలు. గట్టు మీద తాడు లాగే ఇద్దరు, చుక్కాని దగ్గర మీ తాత. ముగ్గురికీ చద్దన్నం.”

“మరి డీజిలు?”

“ఆవకాయ బద్ద.”

అదే ధాన్యానికి బండికి పది బస్తాల చొప్పున లెక్క వెయ్యమన్నాను. పదిహేను బళ్ళు, ముప్పై ఎడ్లు తేలాయి. “అంతా ఒక్క తాడుతోనా!” అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక అసలు విషయం. మన కాలువ మీద పాత వంతెన కట్టినవాళ్ళు కింద పడవలు పోతాయని ఎత్తుగా, కమానుగా కట్టారు. కొత్తది కట్టినవాళ్ళకు కింద పోయేవి నీళ్ళే, అందుకే దూలాలు కిందికి వేశారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసి వాళ్ళు పని చేసినన్నాళ్ళూ మన పడవ ఎగువన ఎండిన కాలువలో ఉండిపోయింది. నీళ్ళు వదిలాక దిగువకు, మన రేవుకు తేబోయావు. తేలికైతే సులువుగా దాటుతుందని పలకలు, లంగరు, తడికలు అన్నీ దింపించావు. అక్కడే పొరపాటు. తేలికైన పడవ నీటి మీద ఇంకా పైకి లేస్తుంది. ముక్కు దూలానికి జానెడు తగిలిందన్నావు, అందులో కొంత నువ్వు దింపిన బరువే.

“బావ ఉంటే దాటించేవాడక్కా,” అన్నావు. నేను ఫోను పెట్టేసింది కోపంతో కాదు.

ఎలా దాటించేవారో తర్వాత గుర్తొచ్చింది. నేను కాపురానికి వచ్చిన ఏడు, ఖాళీగా తిరిగొస్తున్న పడవ నడక వంతెన దగ్గర ఆగిపోయింది. కాలువ నిండుగా ఉంది. బావగారు గట్టు మీదివాళ్ళను పిలిచారు. “రండర్రా, ఊరికే ఎక్కి కూర్చోండి! మీరు కూలి అడక్కండి, నేను కిరాయి అడగను!” పదిమందీ ఎక్కారు, పడవ కిందికి దిగింది. “తలలు వంచండి! కొత్త పెళ్ళికూతురు కూడా!” అన్నారు. అంతమందిలో ఆయన నన్ను పిలిచింది అదొక్కసారే. వంతెన దాటేదాకా తల వంచుకునే నవ్వాను.

కాబట్టి బరువెక్కించు. పాత వంతెన రాయంతా కాంట్రాక్టరు వంతెనకు ఎగువనున్న నీ కొబ్బరితోటలో పోసిపోయాడని మొత్తుకుంటున్నావు. ఏటి మధ్య లంక రైతులేమో గట్టు కోసుకుపోతోంది, రాయి కావాలంటున్నారు. లంకకు లారీ పోదు. అరటిగెలలు దాటించడానికి పడవనూ ఉంచుకుంటామన్నారు. ఇంకేం కావాలి? ఆ రాయే ఎక్కించి పడవను వాళ్ళకు పంపు.

నేను రాలేను. వచ్చినా, అది మన రేవు దాటిపోతుంటే చూడలేను. ఆయన సంవత్సరీకం కూడా ఇంకా రాలేదు. ఎక్కడో ఒకచోట బరువు మోస్తూ ఉంటే చాలు. పొయ్యిలోకి మాత్రం పోకూడదు.

పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పు. ఇటు ఎవరైనా వస్తుంటే మన చింతపండు కొంచెం పంపు. నీకూ వరలక్ష్మికీ నా ఆశీస్సులు. కింద రాసిన ముక్క చించి జేబులో పెట్టుకో.

మీ అక్క,
రాజేశ్వరి

1. కాలువ నీళ్ళు చూసే లస్కరుగారిని, నీరు ఎప్పుడు పెంచుతారో అడుగు. పెంచకముందే పని కావాలి.

2. అడుగున గడ్డి పరిపించి, రాయి ముందూ వెనకా సమానంగా సర్దించు. ఒకవైపు దిగితే రెండోవైపు లేస్తుంది.

3. అంచు నీటికి మూరెడు పైన ఉండగానే రాయి ఆపు. ఆశపడకు.

4. ఇంకా తగిలితే గట్టు మీదివాళ్ళను ఎక్కించు. తలలు వంచమని నువ్వే కేకెయ్యి, బావగారిలా.

5. దాటాక ఫోను చెయ్యి. ఈసారి ఏడిస్తే కసరను.