కర్రీ అనే సంగీతకారుడు

ఆదివారం, క్యారీ, అమెరికా

రెండో వీడియోగేమ్‌లో నా అసలు పేరే వేస్తానని ఒసాకాలో మా సంగీత విభాగం పెద్ద మోరితాని మాటిచ్చాడు. అది బయటికి రాకముందే కంపెనీ మూతపడింది. పోటీవాళ్లు ఎగరేసుకుపోతారని అప్పట్లో సంగీతం చేసినవాళ్లకి మారుపేర్లే వేసేవారు. అందరూ తమకు నచ్చింది పెట్టుకున్నారు. నాకు మాత్రం అతనే పెట్టాడు.

ఈ మధ్యాహ్నం మనవరాలు ఫోన్‌లో ఆ మొదటి గేమ్ ఆడింది.

"తాతా, మ్యూజిక్ సూపర్ ఉంది! కంపోజర్ నేమ్ చూడు, కర్రీ అంట!" అని పడీపడీ నవ్వింది.

అది నేనేనని చెబుదామని నోరు తెరిచాను. "అన్నం చల్లారిపోతోంది, రా" అన్నాను. దాని మీద కోపం కూడా రాలేదు.

మూతపడ్డ కంపెనీని ఏమీ అనను. ముప్పై ఏళ్లుగా నేను తిట్టుకునేది ఒక్కడినే, మోరితానిని.