ఆఖరి పావుగంట

హన్మకొండ, శనివారం, ఆగస్టు 1981

పక్కింటి సరోజతో మ్యాట్నీకి వెళ్లాను. ఆడవాళ్లు తప్పక చూడాల్సిన సినిమా అని ఊరంతా ఒకటే గోల. మొగుడు చెంప మీద కొడితే హీరోయిన్ పెట్టె సర్దుకుని గడప దాటింది. లేడీస్ క్లాసులో చప్పట్లే చప్పట్లు. అంతలోనే సరోజ లేచింది.

"మా ఆయన దుకాణంల నుంచి చాయ్‌కు అచ్చే యాళ్లయింది అక్కా, నేను పోతాన."

ఆమె వెనకే ఇంకొంతమంది ఆడవాళ్లు లేచారు.

నేను కూర్చున్నాను. హీరోయిన్ వానలో తడుస్తూ తిరిగొచ్చి, మొగుడి కాళ్ల మీద పడి, తప్పంతా తనదేనంది. ఈసారి ఈలలు మగవాళ్ల వైపు నుంచి. అంతసేపు చూపిన పౌరుషమంతా ఈ పావుగంట కోసమేనన్నమాట. పోస్టర్ మీద మాత్రం 'స్త్రీ శక్తి' అని ఎర్రక్షరాలు.

సాయంత్రం పంపు దగ్గర సరోజ మొహం వెలిగిపోతోంది. ఆమె మొగుడి అరుపులు, ఆ తర్వాతి చప్పుడు మా గోడకు అలవాటే.

"మంచిగ చేసింది అక్కా! ఎన్నొద్దులని పడతది? మల్ల ఆ గడప తొక్కలేదు గదా?"

"తొక్కలేదు," అన్నాను. ఎందుకలా అన్నానో రాద్దామని కూర్చుంటే ఏమీ తోచడం లేదు.

"గట్లయితే రేపు మా ఆయనను తీస్కపోత. సూసి జర సిగ్గు తెచ్చుకుంటడు."

రేపు ఆదివారం. దుకాణం బంద్. చాయ్ తొందర లేదు. ఇద్దరూ ఆఖరిదాకా కూర్చుంటారు.