చిల్లు పడని ఓడ

ఫిబ్రవరి 4

ఈయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ మళ్లీ జారింది. ఈసారి రిమోట్ ఓడ లోపల పడి, నీళ్లు తోడే పంపు వైరు తెగింది. వంటింట్లోంచి చూస్తూనే ఉన్నా, లేవలేదు. సాయానికి వెళ్తే ఒంటికాలి మీద లేస్తాడు. వెళ్లకపోతే నా ప్రాణం ఊరుకోదు. చివరికి రెండు మణికట్లూ ఆనించి ఎలాగో బయటికి తీశాడు.

ఫిబ్రవరి 6

పెళ్లయినప్పట్నుంచీ ఈ ఓడలు నాకు సవతులు. డైనింగ్ టేబుల్ వాటిదే, బాత్‌టబ్ వాటిదే, ఆదివారం వాటిదే. రిమోట్ ఓడలంటే ముద్దుగా చెరువులో తిరిగే బొమ్మలనుకుంటారు జనం. ఇవి యుద్ధనౌకలు. లోపల గ్యాస్ సిలిండర్ ఉంటుంది, ఆ ప్రెషర్‌కి ఫిరంగుల్లోంచి నిజమైన స్టీలు గుండ్లు వస్తాయి. గుండు తగిలితే చిల్లుపడి నీళ్లు రావాలని ఓడ చుట్టూ కావాలనే పల్చటి బాల్సా చెక్క అంటిస్తారు. ఎదుటివాడి ఓడ మునిగేదాకా కొడతారు. మునిగింది తీసుకొచ్చి వారమంతా చిల్లులు పూడ్చుకుంటారు. మళ్లీ ఆదివారం మామూలే. పోనీ చిన్నపిల్లలా? రిఫరీ ఒక పళ్ల డాక్టరు!

ఇవాళ ఆ పూడ్చే పని నన్ను చేసిపెట్టమన్నాడు. గోడవైపు తిరిగి అడిగాడు. సరే అన్నా.

ఫిబ్రవరి 9

నా మొదటి అతుకు చూసి తల పట్టుకున్నాడు. జిగురు మరీ దట్టంగా పూశానట. అది రాయిలా గట్టిపడుతుందట, గుండు తగిలినా వెనక్కి ఎగిరిపోతుందట. మంచిదే కదా, మునగదు కదా అన్నా. నేనేదో దొంగతనం చేసినట్టు చూశాడు. అది మోసం, ఊడబీకు అన్నాడు. ఊడబీకి మళ్లీ వేశా. నా వేళ్లు రెండు అంటుకుపోయాయి. చచ్చేంత నవ్వాడు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

ఫిబ్రవరి 17

న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ముందు చేతులు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి పీల్చే కండరాలు, ఒక్కొక్కటే పడిపోతాయి. మందు లేదు. పోయినేడాది చెప్పిందే, ఈసారి ఇంకొంచెం మెల్లగా చెప్పాడు.

ఎన్నాళ్లని నేను అడగలేకపోయా. ఈయన మాత్రం ఈ సీజన్ ఆడగలనా అని అడిగాడు. ఏం ఆట అన్నాడు డాక్టరు. ఈయన ఓడల గురించి మొదలుపెట్టాడు. బయట పేషెంట్ల క్యూ అంతా గొణుక్కుంటూ ఉంది.

మార్చి 1

ఇవాళ మ్యాచ్. ఎదుట మా మరిది, ఈయన సొంత తమ్ముడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకళ్లనొకళ్లు ముంచుకుంటూనే ఉన్నారు. ఆదివారం పొద్దున పలకరింపులు కూడా ఉండవు. క్లబ్బులో మరిది గురి తప్పదని పేరు.

ఈయన గెలిచాడు! మరిది గుండ్లన్నీ అయిపోయినా ఈయన ఓడ అలాగే తేలుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టా, పిచ్చిదాన్ని.

అదే రోజు, సాయంత్రం

ఓడని టేబుల్ మీద పడుకోబెట్టి లైటు దగ్గరికి తెమ్మన్నాడు. ఎక్కడా చిల్లు లేదు. చెక్కమీద చిన్న చిన్న నొక్కులే. వేళ్లకి స్పర్శ బాగానే ఉంది, బలమే లేదు. ఒక్కో నొక్కునీ తడిమాడు. ప్రెషర్ సరిగ్గా ఉంటే గుండు చెక్కని చీల్చుకుపోతుంది, ఇలా సొట్ట పెట్టి జారిపోదు అన్నాడు. అంటే తమ్ముడు కావాలనే గ్యాస్ తగ్గించి వచ్చాడు.

భోజనం ముట్టలేదు.

మార్చి 3

ఫోన్ చేసి మరిదిని కడిగిపారేశా. అంతా విని ఏడ్చేశాడు. వదినా, అన్నయ్య బొటనవేలు రిమోట్ మీంచి జారిపోతోంది, ఓడ ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది, ఎలా కొట్టమంటావ్ అన్నాడు.

ఈయన మాట వేరే. ఎక్కడికెళ్లినా ఎలా ఉన్నావనే అడుగుతున్నారట. ఆ చెరువు గట్టున మాత్రం ఎవడూ అడిగేవాడు కాదట. ఇప్పుడు అదీ ఆసుపత్రే అయిపోయిందట.

మార్చి 4

తమ్ముడి ఓడ తీసుకుని నువ్వు నాతో ఆడు అంటాడు! మతిపోయిందా అన్నా. నీకు నామీద కావలసినంత కోపం ఉంది, నువ్వైతే కొట్టగలవు అన్నాడు.

కోపం ఉన్నమాట నిజమే.

మార్చి 13

మరిది మొహం మాడ్చుకునే ఓడ ఇచ్చాడు. చెరువులో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వదిలి కాలుస్తున్నా. ముందు నీళ్లని కాల్చా, తర్వాత గట్టుని, తర్వాత పళ్ల డాక్టరు బూటుని. ఇవాళ సీసా మునిగింది. గంతేశా. సిగ్గు లేకుండా చెప్తున్నా, భలే ఉంది.

మార్చి 22

చేశా.

బయల్దేరేముందు నా సిలిండర్ ప్రెషర్ తనే చూసుకున్నాడు, నమ్మకం లేదు మహానుభావుడికి. గుండ్లు తగలకుండా అందరం కళ్లద్దాలు పెట్టుకున్నాం. ఈయన కుర్చీలో, ఒళ్లో రిమోట్. మొదట బానే తిప్పాడు. నా ఓడ వెనకభాగంలో రెండు చిల్లులు పెట్టాడు కూడా. ఒళ్లు మండింది. తర్వాత వేలు జారింది. ఓడ గిరగిరా తిరగడం మొదలెట్టింది. పక్కభాగం మొత్తం నాకు ఎదురుగా ఉంది.

చెయ్యి ఆగిపోయింది. మరిది నా వెనకే నిలబడి వద్దు వదినా, వద్దు అంటున్నాడు. ఈయన తలెత్తి చూశాడు. బతిమాలే చూపు కాదు. తిట్టే చూపు.

కాల్చా. దగ్గరికెళ్లి మళ్లీ కాల్చా. బాల్సా పటపటా చిరిగిపోవడం వినబడింది. పంపు నీళ్లని బయటికి చిమ్మింది, చిమ్మింది, ఇక దానివల్ల కాలేదు. వెనకభాగం ముందు దిగింది.

ముంచినవాళ్లే నీళ్లలో దిగి ఓడని తెచ్చి ఓడినవాళ్ల చేతిలో పెట్టాలి. అది క్లబ్బు మర్యాద. నడుంలోతు బురదలో వెతికి తెచ్చా. ఆ చేతుల్లో నిలవదు కదా, ఒళ్లో పెట్టా. చిల్లుల్లోంచి నీళ్లన్నీ ఆయన ప్యాంటు మీదికే కారాయి. బాగా కొట్టావన్నాడు. చివరి గుండ్లు వేస్టు, అప్పటికే మునుగుతోంది కదా అని వంక కూడా పెట్టాడు. ఇంటికొచ్చేదాకా ఆ మొహం వెలిగిపోతూనే ఉంది. నేను స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చా.

మార్చి 23

మరిది ఫోన్ ఎత్తట్లేదు.

ఏప్రిల్ 5

మాట ముద్దముద్దగా వస్తోంది. అందుకే తొందరపడి చెప్పాడనుకుంటా.

ఊపిరి ఆడని రోజు వస్తే మెషిన్ పెట్టొద్దట. తన మాట అప్పటికి ఎవరికీ అర్థం కాకపోవచ్చట. తమ్ముడు పెట్టించేస్తాడట, వాడికి గట్టి గుండె లేదట. వద్దని నేనే చెప్పాలట. నావల్ల కాదన్నా. అవుతుంది, చూశాను కదా అన్నాడు.

అంటే ఇందుకా నాతో ఆడింది! నన్ను పరీక్షించాడు. అంత సంబరపడిందీ ఇందుకే. మోసగాడు. చేతిలో గ్లాసు గోడకేసి కొట్టా. ముక్కలు ఏరుతుంటే జాగ్రత్త, కాలికి గుచ్చుకుంటుంది అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి మూడుసార్లు అడగాల్సొచ్చింది.

ఏప్రిల్ 19

ఒప్పుకున్నా. మెషిన్ వద్దని డాక్టరు ముందు కాగితం కూడా రాయించాం. మరిదికి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

మే 18, తెల్లవారుజాము

ఐసీయూ. ఈయనకి ఊపిరి అందట్లేదు. కాగితం ఉన్నా డాక్టరు మళ్లీ అడిగాడు, గొంతులో గొట్టం వేసి మెషిన్ పెట్టమంటారా అని. పెట్టండి, పెట్టండి అని మరిది అరుస్తున్నాడు. ఈయన నన్నే చూస్తున్నాడు.

వద్దన్నాను.