ఈస్టర్ కార్డు కింది బటన్

మార్చి 30, సోమవారం

తొమ్మిది పొరలు. కూర్చుని లెక్కపెట్టాను. మా యాప్‌లో రొయ్యల గుంట పేరు కనపడే ఆ ఒక్క వరస దగ్గరికి చేరాలంటే తొమ్మిది పెట్టెలు దాటాలి. పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె. రెండింటిలో అసలేమీ లేదు, ఊరికే కూర్చుని ఉన్నాయి. ఏ మహానుభావుడు పెట్టాడో అని పాత కోడ్ తిరగేశాను. నేనే. రెండేళ్ల కిందట.

సాయంత్రానికి ఐదుకి తెచ్చాను. తెర టక్కున తెరుచుకుంటోంది. అల్లూరు వైపు రొయ్యల రైతుల దగ్గరుండేవన్నీ పాత ఫోన్లే, వాళ్ళకి తేడా తెలుస్తుంది. మురళి సార్‌కి చూపించాను. "బయటికి ఏం మారిందమ్మా?" అన్నారు. ఏమీ మారలేదు సార్, అదే గొప్ప. ఆయన ముఖం చూసి ఇక చెప్పలేదు. కంపెనీ ఆయనది, పొరలు నావి. నాకు మాత్రం ఇల్లంతా ఊడ్చుకున్నంత హాయిగా ఉంది.

మార్చి 31

అందరికీ పైనే కావాలి. మేత కంపెనీ ప్రకటన పైన. ఆక్సిజన్ హెచ్చరిక పైన. "సహాయం కావాలా?" అనే గుండ్రం బొమ్మ కూడా పైనే. పైన అనేది ఒక్కటే ఉంటుంది సార్... వినరు.

వేలు పెడితే ముందు తగిలేది అన్నిటికన్నా పైనున్న పొరకే. అది నాకొద్దు అంటేనే కిందిదానికి పోతుంది. ఇంత చిన్న సంగతి. దీని మీదే నా ఉద్యోగం నడుస్తోంది.

ఏప్రిల్ 2, గురువారం

నాలుగింటికి సార్ — "రేపు గుడ్ ఫ్రైడే గదా. మన రైతుల్లో సగం మీవాళ్ళే. శుభాకాంక్షలు అని ఒక కార్డు పెట్టు."

గుడ్ ఫ్రైడేకి శుభాకాంక్షలు చెప్పరు సార్. ప్రభువు చనిపోయిన రోజు. ఆయన నాలుక కరుచుకున్నారు. సరే, ఈస్టర్‌కి. శనివారం నుంచి ఎనిమిది రోజులు, రోజులో మొదటిసారి యాప్ తెరిచినప్పుడు వస్తుంది. శిలువ, వెనక సూర్యోదయం. కుడివైపు పైమూల ఇంటు మార్కు. ఇంటు కొట్టకపోయినా నాలుగు సెకన్లలో దానంతట అదే మెల్లగా మాయమవుతుంది. ఆ మాయమవడం చాలా అందంగా వచ్చింది. పది సార్లు చూసుకుని మురిసిపోయాను.

హడావిడిగా పంపించేశాం.

ఏప్రిల్ 4, శనివారం

ఇద్దరు రైతుల నుంచి ఫోన్. "యాప్ బిగుసుకు పోయిందమ్మా." ఆపి మళ్ళీ తెరవండి అన్నాను. తెరిచారు, బాగానే ఉందన్నారు. పాత ఫోన్లు.

ఏప్రిల్ 5, ఈస్టర్

తెల్లవారకముందే సమాధుల తోటలో ఆరాధన. అమ్మా నేనూ వెళ్ళాం. ముందు వరసలో కరుణక్క, తల మీద కొంగు. వాళ్ళ గుంటలకీ మా యాపే. వాళ్ళాయన డానియేలన్న రాలేదు, చిల్లకూరులో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళాడట. పాట మధ్యలో కరుణక్క ఫోన్ వెలిగింది. తల వంచుకుని చాలాసేపు చూసుకుంది. తర్వాత సంచిలో పెట్టుకుని మళ్ళీ పాట అందుకుంది.

మధ్యాహ్నం కబురు. వాళ్ళ పెద్ద గుంట పోయింది. ఆక్సిజన్ పడిపోయి రొయ్యలన్నీ తేలిపోయాయి. ఇంకో ఇరవై రోజుల్లో పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మేవాళ్ళు.

నీటికి గాలి అందించే ఏరియేటర్లు రెండు రాత్రంతా తిరుగుతాయి. హెచ్చరిక వస్తే మిగిలిన నాలుగూ ఫోన్‌లోనుంచే ఆన్ చేయాలి. అన్న ఊళ్ళో లేడని ఆ రాత్రి హెచ్చరిక అక్క ఫోన్‌కి పెట్టుకున్నారు, అది వెళ్ళింది. మా యాప్‌ని నమ్ముకునే కదా వాళ్ళు కాపలా మనిషిని మాన్పించారు...

ఏప్రిల్ 6, సోమవారం

కరుణక్క ఏరియేటర్ల బటన్ నొక్కానంటోంది. ఆమె నొక్కలేదని డానియేలన్న అంటున్నాడు. "రికార్డు ఉంటాదంట గదా, తీసుకుని రా" అని ఆయనే ఫోన్ చేశాడు.

తీశాను. హెచ్చరిక చేరింది, యాప్ తెరిచింది. బటన్ నొక్కినట్టు లేదు. ఒక్కసారి కూడా లేదు. కాగితం మీద ప్రింటు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చాను. నాలో ఎక్కడో కొంచెం తేలికపడిన మాట నిజం. మా తప్పు కాదు.

ఆయన రెండుసార్లు చదివాడు. "నేనప్పుడే చెప్పినా. పాటల్లో పడి మర్చిపోయింది." ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 8

కాగితం ఊరంతా తిరుగుతోందట. టీ కొట్టు దగ్గర, మేత కొట్టు దగ్గర. "నమ్మకపోతే చూడండి" అని తీసి చూపిస్తున్నాడట. అమ్మ చెప్పింది. కరుణక్క బయటికి రావడం లేదట.

రికార్డు అలాగే ఉంది, నేనేం చేయను?

ఏప్రిల్ 9, గురువారం

వరసగా రాస్తాను.

పొద్దున ఆఫీసుకి బయలుదేరుతూ, పరీక్షకి వాడే ఫోన్ అమ్మ చేతికిచ్చాను. కొత్త తెర అక్షరాలు కనపడుతున్నాయా చూడు, ఏదైనా నొక్కు అని. ఈస్టర్ కార్డు వచ్చింది. అమ్మ కదలదు. చూస్తూ నిలబడింది.

"ఇంటు కొట్టమ్మా, పోతుంది."

"శిలువ మీద ఇంటు కొట్టమంటావా? నీకేమన్నా బుద్ధుండాదా?"

"అమ్మా, అది శిలువ మీద కాదు, మూలన..."

"యాడుంటే ఏంది. దానంతటది పోతాది గదా, గమ్మునుండు."

పోయింది. అందంగా, మెల్లగా. అమ్మ బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. "నీ యాప్ పలకడం లేదే."

లాక్కుని నేను నొక్కాను. పలకలేదు.

కార్డు మాయమైంది, పోలేదు. కంటికి కనపడకుండా చేశానే గానీ తెర మీదనుంచి తీసేయలేదు. ఇంటు కొడితే తీసేస్తుంది. ఊరికే వదిలేస్తే అద్దం పలకలా తెరంతా కప్పుకుని అక్కడే ఉంటుంది. కింద బటన్ చక్కగా కనపడుతూనే ఉంటుంది. వేళ్ళన్నీ ఆ పలకకే తగులుతాయి, బటన్‌కి తెలియదు. బటన్‌కి తెలిసిందే రికార్డులోకి ఎక్కుతుంది.

నేను పది సార్లు చూసుకున్నాను కదా. ప్రతిసారీ మాయమవడం చూసి మురిసి, యాప్ మూసేశాను. తర్వాత ఒక్కసారీ బటన్ నొక్కలేదు. నొక్కి చూసినప్పుడల్లా ముందు ఇంటు కొట్టాను, తొందర. మా ఆఫీసులో అందరూ ఇంటు కొట్టేవాళ్ళే. శనివారం ఫోన్ చేసిన ఇద్దరూ మా చర్చి వాళ్ళే, ఇప్పుడు గుర్తొస్తోంది. రెండోసారి తెరిస్తే కార్డు రాదు, అందుకే బాగైంది. ఆపి తెరవండి అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

కరుణక్క ఆ రోజు మొదటిసారి తెరిచింది. ఈస్టర్ తెల్లవారుజామున, సమాధుల తోటలో, శిలువ బొమ్మ మీద ఇంటు ఎట్లా కొడుతుంది. ఆగింది. తర్వాత నొక్కి, ఆన్ అయ్యాయనుకుని ఫోన్ సంచిలో పెట్టుకుంది.

నొక్కింది.

ఏప్రిల్ 10

సార్‌కి చెప్పాను. తలుపు వేసి కూర్చోబెట్టారు.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

లేదు సార్.

"చెప్పొద్దు. ఇవ్వాళే సరిచేసి పంపించు. ఒకరికి ఒప్పుకుంటే పోయిన ప్రతి గుంటా మన నెత్తిన వేస్తారు. పదిహేను మంది పని చేస్తున్నారు ఇక్కడ. నువ్వూ అందులోనే."

అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా, నిజంగానే భయపడుతూ చెప్పారు. సరిచేయడానికి ఒక్క లైను సరిపోయింది. మాయమయ్యాక తీసేయి, అంతే. ఏడు గంటలకి అందరి ఫోన్లకీ వెళ్ళిపోయింది. నేనే పంపాను. ఏడుస్తూ పంపాను, అయినా పంపాను.

ఏప్రిల్ 12, ఆదివారం

ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు. ఎవరైనా లేవండి అన్నారు పాస్టర్ అయ్యగారు. ఎప్పుడూ లేచే ఇద్దరు ముగ్గురే లేస్తారు — జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది. ఇవ్వాళ కరుణక్క లేచింది.

"నేను నొక్కినాననే అనుకున్నా. ఇప్పటికీ నాకు అట్టానే గుర్తుండాది. రికార్డులో లేదంట. అంటే ప్రభువు సన్నిధిలో నిలబడి ఉండంగానే నా మనసు నన్ను మోసం చేసింది. ఇంక నా మనసుని నేను ఎట్టా నమ్మేది? నా కోసం ప్రార్థన చెయ్యండి."

అందరూ తల వంచారు. నేనూ వంచాను. ఆమె కోసం ఏమని ప్రార్థన చేయాలి నేను? లేచి నిలబడాల్సింది. లేవలేదు. సిగ్గుగా ఉంది. సిగ్గు అనే మాట చాలదు.

అమ్మకి అంతా చెప్పాను. "రేపు పో" అంది.

ఏప్రిల్ 13

సెలవు పెట్టి వెళ్ళాను. డానియేలన్న అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు. కరుణక్క లోపల ఎక్కడో ఉంది, గిన్నెల చప్పుడు.

మొత్తం చెప్పాను. పొరల గురించి, కార్డు గురించి. తప్పు నాది అన్నా, అక్కది కాదు.

నవ్వాడు. కోపం చేస్తాడేమో అని సిద్ధపడి వెళ్ళాను, నవ్వుకి సిద్ధపడలేదు.

"నువ్వు మంచిదానివి జ్యోతమ్మా. నిన్న చర్చిలో ఆమెను చూసి నీకు మనసు కరిగినాది. ఆమె కోసరం నీ మీద వేసుకుంటా ఉండావు."

"కాదన్నా, నిజంగా..."

"కాగితం ఇచ్చింది నువ్వే గదా?"

ఆయన ఫోన్ తీసుకుని చూపించబోయాను. బటన్ టక్కున పలికింది. గట్టు అవతల ఏరియేటర్లు తిరగడం మొదలుపెట్టాయి, రొయ్యలు లేని గుంటలో. శుక్రవారం నేను పంపిన సవరణ ఆయన ఫోన్‌లో చేరిపోయింది. ఇక్కడ చూపించడానికి నా తప్పు మిగల్లేదు. నేనే తుడిచేశాను.

"చూసినావా" అన్నాడు ఆప్యాయంగా. "బానే ఉండాది."

బస్సులో సగం దూరం ఏడ్చాను. సగం దూరం కోపం — ఆయన మీద కాదు. ఆ ప్రింటు తీసిన యంత్రం మీద, దాన్ని అంత నున్నగా మడిచి తీసుకెళ్ళిన నా చేతుల మీద.

ఏప్రిల్ 14

పాత యాప్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది, పోదు. సార్‌ని అడగలేదు. నా సొంత ఫోన్‌లో ఎక్కించి, తేదీ ఈస్టర్ రోజుకి తిప్పి తీసుకెళ్ళాను. ఉద్యోగం పోతుందేమో. పోనీ. అనుకోవడం తేలికే.

ఈసారి ఏమీ వివరించలేదు. ఫోన్ చేతికిచ్చి, "ఆక్సిజన్ పడిపోయింది అనుకో అన్నా, నాలుగూ ఆన్ చెయ్యి" అన్నాను.

తెరిచాడు. శిలువ వచ్చింది. ఆయన బొటనవేలు పైకి లేచి గాల్లో ఆగింది. మూలన ఇంటు ఆయనకి కనపడుతోంది, నాకు తెలుసు, కళ్ళు అక్కడికే పోయాయి. కొట్టలేదు. ఆగాడు. నాలుగు సెకన్లు... నేను ఎన్నడూ అంతసేపు ఆగలేదు ఆ కార్డు ముందర.

మాయమైంది. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వేలు లుంగీకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. తర్వాత నొక్కుతూనే ఉన్నాడు.

జేబులోంచి కాగితం తీశాడు. చించలేదు. విప్పి చూసి, మళ్ళీ అదే మడతల్లో మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. "ఊరందరికీ చూపించినా గదమ్మా" అన్నాడు. గట్టు మీదికి వెళ్ళిపోయాడు.

కరుణక్క తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

ఏప్రిల్ 15

నిన్న అక్కడితో ఆపేశాను. తర్వాతిది రాయలేక.

అక్క ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. క్షమించు అక్కా అన్నాను. సరేలే అంది. వచ్చే ఆదివారం నేనే లేచి అందరి ముందరా చెప్తానన్నాను. చెప్పు అంది. నేను చెప్పేశానని తెలిసినట్టుంది, సార్ రాత్రి నుంచి మూడు సార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు, అదింకా తేలాలి.

అక్క గేటు దాకా వచ్చింది నాతో. అక్కడ అడిగింది. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఆ రోజు కాగితం తెచ్చినావు. ఆయన చేతికిచ్చినావు. నేను గడప మీదే కూర్చోనుండా, నీకెదురుగా. అక్కా నువ్వు నొక్కినావా అని నన్నొక మాట ఎందుకు అడగలేదు నువ్వు?"

అవును. అక్కడే ఉంది. మూడడుగుల దూరం.

కోడ్‌లో తప్పుకి కారణం చెప్పగలను, ఏ లైనో చూపించగలను. పొద్దుటినుంచి దీనికి వెతుకుతున్నాను. తెలియలేదని రాయబోయి ఆగాను. తెలుసు. ఆమె చెప్తే వినాలని నాకు తోచనే లేదు.

ఆదివారం లేచినప్పుడు ఇది కూడా చెప్పాలా...