ఈరోజు పిన్ని చెప్పే పేజీ

బాబాయ్,

పిన్ని లేవగానే కాఫీ ఇవ్వండి. తర్వాత కిటికీకీ మంచానికీ మధ్య నడుస్తూ నవల చెబుతుంది. మీరు కొత్త కాగితం తీసుకుని రాయండి. ఫుల్‌స్టాపులు పెట్టకండి, పిన్ని ఊపిరి తీసుకున్న చోట కాస్త ఖాళీ వదలండి. తన పుస్తకాలన్నీ అలాగే ఉంటాయి. మీరు ఒక్కటైనా తెరిచి చూడలేదు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

రోజూ చెప్పేది ఆ మొదటి పేజీనే. వానలో రైలు దిగిన మనిషి ఇంకా స్టేషను దాటలేదు. "నిన్న చెప్పావుగా" అని మాత్రం అనకండి. మధ్యలో ఆగిపోతే మాట అందించకండి, కోపం వస్తుంది. ఏడిస్తే పక్కనే కూర్చోండి.

నేను ప్రచురణకర్తగారి ఆఫీసుకు వెళ్తున్నాను. నవల ఇక రాదని ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. పిన్నికి మాత్రం బజారుకి వెళ్లానని చెప్పండి.

తా.క. నిన్న తన మొదటి నవల కొంచెం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "బాగా రాసిందే, ఎవరా అమ్మాయి?" అంది. "నువ్వే పిన్నీ" అన్నాను. "పోవే, నాతో వేళాకోళమా" అని నవ్వింది. మళ్లీ తనే, "ఆ అమ్మాయిని ఒకసారి పిలిపించు. ఈ నవల నావల్ల కావడంలేదు, తనకిచ్చేస్తాను" అంది.