పది అడుగుల పరీక్షలో మా నాన్న పాసైన విషయం

నీటి సరఫరా శాఖ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మీటర్ రీడర్ నంబరు 27, అనగా మా నాన్నను, "నడవగలడు" అన్న వైద్య నివేదికను బట్టి తిరిగి వీధి డ్యూటీకి పంపుతూ ఇచ్చిన ఉత్తర్వును నిలిపి, మీటర్ల మరమ్మతు గదిలో కూర్చుని చేసే పని ఇప్పించుట గురించి.

సూచిక: నా మొదటి అర్జీ (రసీదు ఇవ్వలేదు), రెండవ అర్జీ (తిప్పి ఇచ్చారు).

సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. మా నాన్న తమ శాఖలో పంతొమ్మిదేళ్లుగా ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదువుతున్నారు. రోజుకు నూట నలభై ఇళ్లు. ఏడు నెలల క్రితం ఒక ఇంటి మెట్ల పక్కన వంగి అంకెలు రాసుకుంటుండగా ఎడమ చేతిలోని పుస్తకం జారిపోయింది. ఆ ఇంటావిడ తీసి అందించబోతే, అందుకోవడానికి ఆ చెయ్యి లేవలేదు. మెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయిందని, అందువల్ల శరీరంలో ఎడమవైపు బలం పోయిందని ఆసుపత్రిలో చెప్పారు.

2. ఉత్తర్వులో "సదరు ఉద్యోగి ఎవరి సహాయం లేకుండా నడిచినందున" అని ఉన్నది. నడిచిన మాట నిజమే. ఎలా నడిచారో అందులో లేదు కనుక నేను రాస్తున్నాను. మనం అడుగు తీసేటప్పుడు మోకాలు దానంతటది వంగుతుంది, కాలివేళ్లు వాటంతటవి పైకి లేస్తాయి. ఈ పనులు జరుగుతున్నట్టు కూడా మనకు తెలియదు. నాకు ఈ ఏడు నెలల్లో తెలిసింది. మా నాన్న ఎడమ పాదం ముందుభాగం లేవదు, కిందికి వేలాడుతుంది. మోకాలు సమయానికి వంగదు. అంటే అడుగు తీసే ప్రతిసారీ ఆ కాలు రెండో కాలి కంటే పొడవైపోయినట్టే. నేలకు తగలకుండా దాన్ని ముందుకు తేవడానికి ఆయన నడుమును ఎడమవైపు పైకెత్తి, కాలిని బయటి నుంచి సగం సున్నాలా తిప్పి తెచ్చి పెడతారు. ముందు మడమ ఆనదు. వేళ్లు, పాదం బయటి అంచు ఆనుతాయి. బరువు పడగానే మోకాలు వెనక్కి తన్నుకుంటుంది. ఆ కాలి మీద ఆయనకు నమ్మకం లేదు, అందుకే కుడికాలు హడావిడిగా వచ్చి నేల పట్టుకుంటుంది. సగం బలం మిగిలిన మనిషి నడవడానికి మనకంటే రెట్టింపు అలిసిపోతాడని ఫిజియోథెరపీ మేడమ్ చెప్పారు. నివేదికలో ఇదంతా ఒక్క మాట అయింది.

3. పరీక్ష పెట్టిన గదిలో నున్నటి నేల, మంచి వెలుతురు, పది అడుగుల దూరంలో గోడ ఉన్నాయి. ఆయన నడిచిన ఆ కాసేపట్లో డాక్టరు గారు కాగితం మీద నుంచి తల ఎత్తింది రెండుసార్లు. వీధిలో ఎత్తుపల్లాలుంటాయి, గడపలుంటాయి, మీటరు ఎప్పుడూ మూలనే ఉంటుంది. ఇరవై నిమిషాలు దాటితే ఆయన ఎడమ బూటు నేలకు రాసుకుంటున్న చప్పుడు మొదలవుతుంది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తిరగడం కష్టం, తిరిగితే ఎడమకు తూలుతారు. మాట్లాడాలంటే ఆగిపోవాలి. ఆగకపోతే ఏ కాలు వంతో మరిచిపోతారు. గట్టిగా నడిచేకొద్దీ ఎడమ మోచెయ్యి దానంతటది ముడుచుకుని పిడికిలి ఛాతీ మీదికి ఎక్కుతుంది. ఇక పుస్తకం పట్టుకునేది ఏ చేత్తో?

4. ఇందులో నా తప్పు కూడా ఉన్నది, దాచను. "నడక పరీక్షకు హాజరు కావలెను" అని శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. పరీక్ష అనే మాట వినగానే నాకు తెలిసింది ఒక్కటే, పాసవ్వాలి. మూడు వారాలు పొద్దున్నే వరండాలో సుద్దముక్కతో గీతలు గీసి ఆయన చేత నడిపించాను.

"కాలు తిప్పకు నాన్నా. నేరుగా ముందుకు తియ్యి."

"తీస్తున్నాను తల్లీ. అది వినట్లేదు."

"వినకపోతే మార్కులు పోతాయి."

మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ పదో తరగతికి మేం నిన్ను ఇంత పీడించలేదు కదే" అన్నది.

"పీడించనీవే," అన్నారు నాన్న, చెమట తుడుచుకుంటూ. "నేను బళ్లో దెబ్బలు తినలేదు. ఆ ముచ్చట ఇప్పుడు తీరుతోంది."

పరీక్ష రోజున చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. ఆయన ఊపిరి బిగబట్టి, పళ్లు కరిచి, పది అడుగులూ నేరుగా వేశారు. బయటికి వచ్చి బల్ల మీద కూలబడ్డారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. "ఎలా రాశాను?" అని అడిగారు. "ఫస్టు క్లాసు" అన్నాను. వారం తిరక్కుండా తమ ఉత్తర్వు వచ్చింది. తప్పితేనే కూర్చునే పని దొరికే పరీక్ష అని మాకు ఎవరూ చెప్పలేదు. అయ్యా, పాసైన మనిషికి శిక్ష వేసే పరీక్ష నా చదువులో ఎక్కడా లేదు.

5. ఈ అంశం మా నాన్న కోరిక మేరకు తొలగించబడినది.

6. రెండవ అర్జీకి ఆయన ఎడమ బూటును జతపరిచాను. తమ కార్యాలయం గుమాస్తా గారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"సాక్ష్యం అండీ."

"కాగితమైతే ఫైల్లో పెడతాను. దీన్ని ఎక్కడ కుట్టమంటావు?"

బూటుతో పాటు అర్జీ కూడా తిప్పి ఇచ్చారు. అందువల్ల ఈసారి రెండు బూట్ల అడుగులకూ సిరా పూసి తెల్లకాగితం మీద ముద్రలు తీశాను. కాగితమే కనుక అభ్యంతరం ఉండదనుకుంటాను. బూట్లు కొని తొమ్మిది వారాలు. కుడి ముద్రలో గీతలన్నీ కనిపిస్తాయి. ఎడమ ముద్రలో వేళ్ల దగ్గర, బయటి అంచున సిరా పడలేదు. అక్కడ బూటు లేదు, అరిగిపోయింది.

7. జాలి చూపమని అడగడం లేదు. ఆయన కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. మీటరును చెవి దగ్గర పెట్టుకుని లోపల ఏ చక్రం ఇరుక్కుందో చెప్పగలరు. మరమ్మతు గదిలో ఒక కుర్చీ ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నదని అక్కడి మెకానిక్కే చెప్పారు. సోమవారం వీధి డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం నుంచి తీసివేస్తామని ఉత్తర్వు. చేరితే ఏమవుతుందో పైన రాశాను. నా మాట చాలకపోతే మళ్లీ పరీక్ష పెట్టించండి. గదిలో వద్దు, నలభై ఇళ్లు తిప్పించండి. ఈసారి నేను నేర్పించను.

కావున తమరు ఈ అర్జీని, జతపరచిన ముద్రలతో సహా, సోమవారం తెల్లవారకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మీటర్ రీడర్ నంబరు 27 కూతురు

జతపరచినవి: ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఉత్తర్వు నకలు, బూట్ల ముద్రలు, రెండు.

మరొక మనవి: మా నాన్నకు అంకెలే తప్ప అక్షరాలు రావు. పై అర్జీ అంతా చదివి వినిపించాను. ఇది వినిపించలేదు.

ఐదో అంశంలో ఉన్నది ఇది: ఆయన రెండుసార్లు పడిపోయారు. ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి నేను గీసిన సుద్దగీతల మీద. రెండోసారి లేస్తూ నాకు క్షమాపణ చెప్పారు.

ఈ అర్జీ తానే తెచ్చి ఇస్తానని పట్టుబట్టారు. "అధికారి ముందు నిన్ను నిలబెట్టి నేను ఇంట్లో కూర్చుంటానా" అంటున్నారు. తమ మెట్లకు పట్టుకునే కడ్డీ ఎక్కేటప్పుడు ఎడమవైపు ఉంది, అయినా ఎక్కుతారు. తమ గదిలోకి నిటారుగా నడిచి వస్తారు. దయచేసి అప్పుడు చూడవద్దు. ఆయన వెళ్లాక కిటికీ దగ్గరికి రండి. గేటు దాకా కూడా నమ్మవద్దు, గేటు దగ్గరి కాపలా మనిషి ఆయనకు తెలిసినవాడు. గేటు దాటాక ప్రహరీ మలుపులో, ఎవరూ చూడటం లేదనుకుని, కుడిచెయ్యి గోడకు ఆనించి నిలబడతారు. అక్కడి నుంచి ఆయన వేసే పది అడుగులు చూడండి.